పారాసిటమాల్ ఎన్‌ఎంఆర్‌లో రెండు హైడ్రోజన్లు కనిపించడం లేదు, మిథైల్ 3.2 వస్తోంది: కారణం ఏమిటి?

రసాయన_విద్యార్థిని
ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్ ప్రాజెక్టులో భాగంగా పారా అమినోఫినాల్‌ను ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్‌తో చర్య జరిపించి పారాసిటమాల్ తయారు చేశాను. ద్రవీభవన ఉష్ణోగ్రత 166 నుంచి 168 డిగ్రీలు వచ్చింది. మా కళాశాలలో ఎన్‌ఎంఆర్ (అణువులోని హైడ్రోజన్లను వాటి వాటి స్థానాల్లో పీకులుగా చూపే) యంత్రం లేదు కనుక నమూనాను బయటి ప్రయోగశాలకు పంపి 400 మెగాహెర్ట్జ్ యంత్రం మీద ప్రోటాన్ స్పెక్ట్రమ్ తీయించాను. వారు డ్యూటీరేటెడ్ మిథనాల్‌ను, అంటే హైడ్రోజన్ల స్థానంలో దాని బరువైన రూపమైన డ్యూటీరియం ఉన్న మిథనాల్‌ను, ద్రావణిగా వాడారు. పీపీఎం కొలతలో 7.30 దగ్గర ఒక డబ్లెట్ (రెండుగా చీలిన పీక్), 6.72 దగ్గర ఇంకో డబ్లెట్, 2.07 దగ్గర సింగ్లెట్ (చీలని పీక్) వచ్చాయి. ఇవి కాక 4.87 దగ్గర ఒక పెద్ద పీక్, 3.31 దగ్గర సన్నని పీకుల గుంపు ఉన్నాయి.

పారాసిటమాల్ అణువులో తొమ్మిది హైడ్రోజన్లు ఉండగా నాకు లెక్కకు వచ్చినవి ఏడే. పైగా ఒక్కో డబ్లెట్ కింది వైశాల్యాన్ని 2 హైడ్రోజన్లుగా పెట్టుకుంటే మిథైల్ 3 రావలసిన చోట 3.2 వస్తోంది. ఆ రెండు హైడ్రోజన్లు ఎటు పోయాయని మా గైడ్ అడిగితే జవాబు చెప్పలేకపోయాను. కెమికల్ షిఫ్ట్, స్పిన్ అనే మాటలు పరీక్షల కోసం చదువుకున్నాను కానీ, ఆ యంత్రం అసలు దేన్ని కొలుస్తుందో నాకు స్పష్టంగా తెలియడం లేదు. వచ్చే వారమే వైవా ఉంది.

బొల్లారం_క్యూసీ
మాస్ (అణుభారం కొలిచే పరీక్ష) తీయించారా? 151 వస్తే పదార్థం అదే. హెచ్‌పీఎల్‌సీలో (మలినాలను విడదీసి స్వచ్ఛత చూసే పరీక్షలో) 99 శాతం పైన ఉంటే ఇంకేమీ వెతకనక్కరలేదు. మా దగ్గర రోజువారీ విడుదల పరీక్షలు ఆ రెండింటి మీదే ఎక్కువగా నడుస్తాయి.

అణుచిత్రం
బొల్లారం_క్యూసీ గారితో ఏకీభవించలేను. ఎసిటైల్ గుంపు నైట్రోజన్ మీద చేరకుండా ఆక్సిజన్ మీద చేరినా మాస్ 151గానే ఉంటుంది, ఎందుకంటే రెండింటిలోనూ ఉన్న పరమాణువులు అవే, వాటి అమరిక మాత్రమే వేరు. బరువు తూచే పరికరం ఒక్క సంఖ్యతో ఆ తేడాను చెప్పలేదు. ఎన్‌ఎంఆర్‌లో అయితే ఆక్సిజన్ మీది ఎసిటైల్ మిథైల్ 2.2 పరిసరాల్లోకి జరుగుతుంది, బెంజీన్ వలయపు పీకులు కూడా స్థానం మారతాయి. ఈ అమ్మాయి స్పెక్ట్రమ్‌లో 7.30, 6.72 రెండూ పారాసిటమాల్‌కు సరిపోయే స్థానాల్లోనే ఉన్నాయి, కాబట్టి అమరిక విషయంలో అనుమానం అక్కరలేదు.

ద్రావణి_దర్శి
కనిపించని రెండు హైడ్రోజన్లలో ఒకటి ఫినాల్ ఓహెచ్‌ది, ఇంకొకటి ఎమైడ్ ఎన్‌హెచ్‌ది. ఆక్సిజన్, నైట్రోజన్ల మీది హైడ్రోజన్లు కార్బన్ మీది వాటిలా స్థిరంగా ఉండవు, చుట్టూ ఉన్న ద్రావణితో చోటు మార్చుకుంటూ ఉంటాయి. డ్యూటీరేటెడ్ మిథనాల్‌లో ఓహెచ్ స్థానంలో ఓడీ ఉంటుంది. దాని డ్యూటీరియం మీ అణువు మీదికి వచ్చింది, మీ హైడ్రోజన్ ద్రావణిలోకి వెళ్లింది. డ్యూటీరియం ప్రతిస్పందించే పౌనఃపున్యం చాలా దూరంగా ఉంటుంది కనుక ప్రోటాన్ స్పెక్ట్రమ్‌లో ఆ చోట ఏమీ రాదు. మీ రెండు హైడ్రోజన్లు 4.87 దగ్గరి పెద్ద పీకులో, నీటి హైడ్రోజన్లతో కలిసిపోయి ఉన్నాయి. 3.31 దగ్గర ఉన్నది ద్రావణిలో పూర్తిగా డ్యూటీరియం పట్టని కొద్దిపాటి మిథనాల్‌ది.

ఎమైడ్ హైడ్రోజన్ ఫినాల్ దానికంటే నెమ్మదిగా మారుతుంది, అందువల్ల కలిపిన వెంటనే తీస్తే అది కొంచెం మిగిలి కనిపించవచ్చు.

రసాయన_విద్యార్థిని
ద్రావణి_దర్శి గారూ, అంటే అవి పోలేదు, 4.87 లోపల ఉన్నాయి. ఇది నాకు అర్థమైంది. అయితే వాటిని విడిగా చూపించే మార్గం ఉందా? 3.2 సంగతి కూడా ఇంకా తేలలేదు.

అయస్కాంతం_పక్కన
ఇరవై ఆరేళ్లుగా ఈ యంత్రాలు నడుపుతున్నాను కనుక, అది దేన్ని కొలుస్తుందన్న మీ ప్రశ్నకు కొంచెం వివరంగా జవాబు రాస్తాను అమ్మా. ఇది తెలియకుండా 3.2కు కారణం వెతకడం కష్టం.

హైడ్రోజన్ కేంద్రకం ఒక అతి చిన్న అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. 400 మెగాహెర్ట్జ్ యంత్రంలోని అయస్కాంత క్షేత్రం 9.4 టెస్లా, అంటే భూమి క్షేత్రానికి సుమారు రెండు లక్షల రెట్లు. ఆ క్షేత్రంలో ఈ కేంద్రకాలకు రెండే స్థితులు ఉంటాయి, ఒకటి క్షేత్రంతో పాటు, ఇంకొకటి దానికి ఎదురుగా. గది ఉష్ణోగ్రతలో పది లక్షల కేంద్రకాలను తీసుకుంటే సుమారు 5,00,016 ఒక వైపు, 4,99,984 ఇంకో వైపు ఉంటాయి. మనకు అందే సంకేతమంతా ఆ ముప్పై రెండింటి తేడా నుంచి వచ్చేదే. మాస్‌కు చిటికెడు కంటే తక్కువ సరిపోతుండగా ఎన్‌ఎంఆర్‌కు మిల్లీగ్రాములు అడగడానికి కారణం ఇది.

ఆ రెండు స్థితుల మధ్య శక్తి తేడా 400 మెగాహెర్ట్జ్ రేడియో తరంగానికి సమానం. మనం వినే ఎఫ్‌ఎం స్టేషన్లు 100 మెగాహెర్ట్జ్‌కు అటూ ఇటూ ఉంటాయి, ఇది దానికి నాలుగింతలు. పది మైక్రోసెకన్ల పాటు ఆ తరంగాన్ని పంపితే (దీన్నే పల్స్ అంటారు) కేంద్రకాల ఉమ్మడి అయస్కాంతత్వం పక్కకు ఒరిగి, క్షేత్రం చుట్టూ తిరుగుతూ, నమూనా చుట్టూ ఉన్న తీగచుట్టలో సన్నని వోల్టేజీని పుట్టిస్తుంది. కొన్ని సెకన్లలో అది క్షీణిస్తుంది. గుడిలో చిన్నా పెద్దా గంటలన్నీ ఒక్కసారే మోగితే వినిపించే మోత వంటిది అది, ఏ గంట ఏ స్థాయిలో మోగిందో విడదీసి చెప్పే పని ఫోరియర్ పరివర్తన అనే గణితం చేస్తుంది. ఈ పద్ధతిని 1960లలో అభివృద్ధి చేసిన రిచర్డ్ ఎర్న్‌స్ట్‌కు 1991లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది.

అన్ని హైడ్రోజన్లూ ఒకే పౌనఃపున్యంలో మోగితే రసాయన శాస్త్రానికి దీనివల్ల ప్రయోజనం ఉండేది కాదు. కేంద్రకం చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లు బయటి క్షేత్రానికి ఎదురుగా చిన్న క్షేత్రాన్ని కల్పించి కొంత మరుగు చేస్తాయి. ఆ మరుగు ఎంత ఉందన్న దానిని బట్టి పౌనఃపున్యం పది లక్షల్లో కొన్ని వంతులు మారుతుంది, పీపీఎం అనేది ఆ కొలతే. మీ మిథైల్ 2.07 అంటే ప్రమాణ పదార్థమైన టెట్రామిథైల్ సైలేన్ కంటే 828 హెర్ట్జ్ పైన ఉందని అర్థం. వలయంలో ఓహెచ్ పక్కనున్న రెండు హైడ్రోజన్లకు ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను అందిస్తుంది, మరుగు పెరుగుతుంది, అందుకే అవి 6.72కు దిగాయి. ఎమైడ్ పక్కనున్న రెండూ 7.30 దగ్గర నిలిచాయి. పొరుగు హైడ్రోజన్ క్షేత్రంతో పాటు ఉందా, ఎదురుగా ఉందా అన్న తేడా వల్ల ప్రతి పీకూ సుమారు 9 హెర్ట్జ్ ఎడంతో రెండుగా చీలింది. మిథైల్‌కు చీల్చేంత దగ్గరలో పొరుగువారు లేరు కనుక అది ఒకటిగానే ఉంది.

ఇక ఇంటిగ్రేషన్ అంటే పీకు కింది వైశాల్యం, అది ఆ రకం హైడ్రోజన్ల సంఖ్యకు అనులోమంగా ఉంటుంది. అయితే దానికి ఒక షరతు ఉంది. ఒక పల్స్ తర్వాత కేంద్రకాలన్నీ మళ్లీ సమతుల్యానికి వచ్చాకనే తర్వాతి పల్స్ ఇవ్వాలి. వలయం మీది హైడ్రోజన్లు తేరుకోవడానికి తరచుగా మిథైల్ కంటే ఎక్కువ సమయం తీసుకుంటాయి. మామూలుగా తీసేటప్పుడు పల్సుల మధ్య విరామం ఒక సెకను పెట్టి పదహారు స్కాన్లలో ముగిస్తారు. అప్పుడు వలయపు పీకులు కొంచెం తగ్గి వస్తాయి, మీరు వాటిని 2గా పెట్టుకుంటే మిథైల్ 3 దాటుతుంది. మీ 3.2కు నా మొదటి అనుమానం ఇదే.

చరిత్ర_పుటలు
పై పోస్టుకు చిన్న అనుబంధం. 1946లో స్టాన్‌ఫర్డ్‌లో ఫెలిక్స్ బ్లాక్, హార్వర్డ్‌లో ఎడ్వర్డ్ పర్సెల్ విడివిడిగా ఈ సంకేతాన్ని పట్టుకున్నట్టు ప్రకటించారు, 1952లో ఇద్దరికీ భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. కేంద్రకపు అయస్కాంతత్వాన్ని కొలవడం వాళ్ల లక్ష్యం. 1950లో ప్రాక్టర్, యూ అనే ఇద్దరు అమ్మోనియం నైట్రేట్‌లోని నైట్రోజన్‌కు ఒకటి కాక రెండు సంకేతాలు రావడం గమనించారు. కేంద్రకాన్ని కొలవాలనుకున్నవారికి అది అడ్డంకి అయింది, రసాయన శాస్త్రవేత్తలకు తలుపు తెరిచింది. 1951లో స్టాన్‌ఫర్డ్‌లోనే ఆర్నాల్డ్, ధర్మట్టి, ప్యాకార్డ్ ఇథనాల్‌కు మూడు పీకులు 3:2:1 నిష్పత్తిలో చూపించారు. ఆ ధర్మట్టి భారతీయుడు, తర్వాత బొంబాయిలో టాటా ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చి ఎన్‌ఎంఆర్ పరిశోధనను నెలకొల్పారు. మీ వైవాలో ఈ మాట చెప్పండి, మన దేశంలో ఈ శాస్త్రం ఎంత ముందుగా మొదలైందో చాలామంది విద్యార్థులకు తెలియదు.

ద్రావణి_దర్శి
అయస్కాంతం_పక్కన గారి వివరణ పట్ల గౌరవంతోనే విభేదిస్తున్నాను. మామూలు పద్ధతిలో అయస్కాంతత్వాన్ని 90 డిగ్రీలు ఒరిగించే పల్స్ కాక 30 డిగ్రీలు మాత్రమే ఒరిగించే పల్స్ వాడతారు, సంకేతం సేకరించే సమయం కూడా నాలుగు సెకన్ల దాకా ఉంటుంది. అంత తేడా కేంద్రకాలు తేరుకునే విశ్రాంతి కాలం ఒక్కదాని వల్ల రాదు, మహా అయితే మూడు నాలుగు శాతం ఉంటుంది. ఇక్కడ ఏడు శాతం ఉంది. మిథైల్ కింద ఇంకేదో దాగి ఉందని నా అభిప్రాయం.

గాజు_గొట్టం
అది అసిటోన్ అయి ఉంటుంది. చాలా చోట్ల ట్యూబులను అసిటోన్‌తో కడిగి సరిగా ఆరబెట్టకుండానే వాడతారు. డ్యూటీరేటెడ్ మిథనాల్‌లో అసిటోన్ 2.15 దగ్గర వస్తుంది, 2.07కు అది పక్క ఇల్లే. ఒకసారి నా దగ్గర ఒక పరిశోధక విద్యార్థి కొత్త కీటోన్ తయారైందని మూడు రోజులు సంతోషపడ్డాడు. చివరికి ఖాళీ ట్యూబులో ద్రావణి మాత్రమే పోసి తీస్తే అదే పీకు అదే చోట వచ్చింది.

అణుచిత్రం
ఊహలకంటే స్పెక్ట్రమ్‌ను చూడడం మేలు. అమ్మా, 2.07 పీకును తెర మీద బాగా పెద్దది చేసి దాని అడుగు భాగం చూడండి. ఎడమ వైపు, అంటే 2.15 వైపు, ఏమైనా ఉందా? కుడి వైపు, 1.99 దగ్గర, చిన్న గుబ్బ ఏమైనా ఉందా? ఇంటిగ్రేషన్ గీతను ఎక్కడి నుంచి ఎక్కడి దాకా లాగారు?

రసాయన_విద్యార్థిని
ఇప్పుడే చూశాను. ఎడమ వైపు శుభ్రంగా ఉంది. కుడి వైపు 1.99 దగ్గర చిన్న గుబ్బ ఉంది. పీకులన్నీ అడుగున కొంచెం వెడల్పుగా ఉండడం వల్ల అది పెద్ద పీకులో భాగమేననుకుని, 2.15 నుంచి 1.90 దాకా ఒకే గీత లాగాను.

అణుచిత్రం
అది ఎసిటిక్ ఆమ్లం. ఎన్‌హైడ్రైడ్ ఎసిటైల్ ఇచ్చాక మిగిలేది అదే కదా. మీ స్ఫటికాలలో కొంత నిలిచిపోయింది. ద్రవీభవన ఉష్ణోగ్రత 169కి కొంచెం కిందనే ఉండడం కూడా దీనికి సరిపోతుంది.

అయస్కాంతం_పక్కన
అడుగు చూడమని నేనే ముందు అడగవలసింది. పీకుల అడుగు వెడల్పుగా ఉన్నదంటే షిమ్మింగ్, అంటే క్షేత్రాన్ని అంతటా సమానంగా సవరించడం, సరిగా జరగలేదని అర్థం. నమూనా నిలిచిన ప్రదేశమంతటా క్షేత్రం సమానంగా లేకపోతే ఒకే రకం హైడ్రోజన్లు ఒక్కో చోట ఒక్కో పౌనఃపున్యంలో మోగి పీకు పరుచుకుంటుంది. ద్రావణం ఎత్తు నాలుగు సెంటీమీటర్లకు తక్కువైనా, అందులో కరగని నలకలు ఉన్నా ఇలాగే జరుగుతుంది. పాశ్చర్ పిపెట్‌లో చిన్న దూది ముక్క పెట్టి వడకట్టి ట్యూబులో పోయమనండి.

మళ్లీ తీయించేటప్పుడు డ్యూటీరేటెడ్ డీఎంఎస్‌ఓ (డైమిథైల్ సల్ఫాక్సైడ్) అనే ద్రావణిని అడగండి. దానిలో ఇచ్చిపుచ్చుకునే డ్యూటీరియం లేదు, పైగా అది ఓహెచ్, ఎన్‌హెచ్‌లను హైడ్రోజన్ బంధంతో పట్టుకుంటుంది కనుక వాటి మార్పిడి నెమ్మదిస్తుంది. మీ రెండు హైడ్రోజన్లు 9.65 దగ్గర, 9.14 దగ్గర విడివిడిగా కనిపించాలి. మిథైల్ 1.98 దగ్గర, ఎసిటిక్ ఆమ్లం 1.91 దగ్గర వస్తాయి. ద్రావణి సొంత పీకు 2.50 దగ్గర, అందులోని నీరు 3.33 దగ్గర ఉంటాయి, వాటిని చూసి కంగారు పడవద్దు. విరామం ఒకసారి మామూలుగా, ఒకసారి 30 సెకన్లు పెట్టి రెండు స్పెక్ట్రాలు తీయమనండి. మాలో ఎవరి మాట ఎంతవరకు సరైనదో అప్పుడు తేలుతుంది.

హీలియం_కాపలా
డీఎంఎస్‌ఓ 18 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. యంత్రం గదిలో ఏసీ గట్టిగా ఉంటే సీసాలోనే ముద్ద అవుతుంది, అరచేతిలో కాసేపు పట్టుకుంటే కరుగుతుంది. ఆ సీసాను మూత తీసి ఉంచవద్దు, గాలిలోని తేమను త్వరగా పీల్చుకుంటుంది. అప్పుడు 3.33 పీకు పెరిగిపోయి పక్కనున్నవి కనిపించవు.

పటాన్‌చెరు_రెగ్యులేటరీ
మిథైల్ పక్కన చిన్న గుబ్బ అనగానే నాకు 2008 నాటి హెపారిన్ వ్యవహారం గుర్తుకు వచ్చింది. పంది పేగుల నుంచి తీసే ఆ రక్తం గడ్డకట్టనివ్వని మందు తీసుకున్న రోగులకు అమెరికాలో తీవ్రమైన అలర్జీ ప్రతిచర్యలు వచ్చాయి, మరణాలు కూడా సంభవించాయి. అప్పటికి వాడుకలో ఉన్న పరీక్షలన్నింటిలో ఆ మందు నెగ్గింది, ఎందుకంటే కలిపిన పదార్థానికి కూడా రక్తం గడ్డకట్టకుండా ఆపే గుణం కొంత ఉంది. ప్రోటాన్ ఎన్‌ఎంఆర్‌లో మాత్రం తేడా బయటపడింది. హెపారిన్‌లోని ఎసిటైల్ మిథైల్ 2.04 దగ్గర వస్తుంది. కల్తీ నమూనాల్లో 2.15 దగ్గర ఇంకో మిథైల్ కనిపించింది. అది అతిగా సల్ఫేట్ చేసిన కాండ్రాయిటిన్ అని తేల్చారు. ఆ ఏడాదే అమెరికన్ ఫార్మకోపియా (మందుల ప్రమాణాల గ్రంథం) హెపారిన్ గుర్తింపు పరీక్షల్లో ఎన్‌ఎంఆర్‌ను చేర్చింది. రెండు మిథైళ్ల మధ్య ఎడం 0.11 పీపీఎం మాత్రమే. ఈ అమ్మాయి స్పెక్ట్రమ్‌లో 0.08. పీకు అడుగు చూడడం ఎంత ముఖ్యమో నేను కొత్తగా చేరినవారికి ఆ బొమ్మ పెట్టే చెబుతాను.

బొల్లారం_క్యూసీ
నాకు ఒక సందేహం. ఎసిటిక్ ఆమ్లం అంతగా ఉంటే హెచ్‌పీఎల్‌సీలో ఎందుకు తెలియదు? ఇలాంటి నమూనాలు మా దగ్గర 99.5 దాటి వచ్చిన సందర్భాలు ఉన్నాయి.

ద్రావణి_దర్శి
హెచ్‌పీఎల్‌సీలోని యూవీ డిటెక్టర్ అతినీలలోహిత వెలుతురును పీల్చుకునే వాటినే చూస్తుంది. పారాసిటమాల్ వలయం 243 నానోమీటర్ల దగ్గర బలంగా పీల్చుకుంటుంది, ఎసిటిక్ ఆమ్లం అక్కడ దాదాపు ఏమీ పీల్చుకోదు. మీ 99.5 అనేది డిటెక్టర్‌కు కనిపించిన వాటిలో శాతం, తూకంలో శాతం కాదు. ఎన్‌ఎంఆర్‌కు ఆ పక్షపాతం లేదు, హైడ్రోజన్ ఏ అణువులో ఉన్నా ఒకే విలువ ఇస్తుంది. అయితే అర శాతం కంటే తక్కువ ఉన్న మలినాలను పట్టడంలో హెచ్‌పీఎల్‌సీదే పైచేయి, ఆ విషయంలో మీ మాట నిజం.

బొల్లారం_క్యూసీ
ఇది ఒప్పుకుంటున్నాను. మొదట నేను అంత తేలిగ్గా తీసేయకుండా ఉండవలసింది.

రసాయన_విద్యార్థిని
ఈ రోజు రెండు స్పెక్ట్రాలు వచ్చాయి. నేను స్వయంగా వెళ్లి, దూదితో వడకట్టి, ఎనిమిది మిల్లీగ్రాములు 0.6 మిల్లీలీటరు డీఎంఎస్‌ఓలో కలిపి ఇచ్చాను. 9.65, 9.14 రెండూ ఉన్నాయి, ఒక్కొక్కటి ఒక హైడ్రోజన్‌కు దగ్గరగా వచ్చాయి. మొత్తం తొమ్మిది లెక్కకు వచ్చాయి.

మామూలు విరామంతో 1.98 మిథైల్ 3.07, 1.91 దగ్గరి చిన్న పీకు 0.15. విరామం 30 సెకన్లు పెట్టినప్పుడు మిథైల్ 3.01, చిన్న పీకు 0.14. అంటే నా 3.2లో ఎక్కువ భాగం ఎసిటిక్ ఆమ్లం నుంచి, మిగిలిన కొంచెం విరామం చాలకపోవడం నుంచి వచ్చినట్టే కదా?

అయస్కాంతం_పక్కన
సరిగ్గా అంతే. ద్రావణి_దర్శి గారి అంచనా నా అంచనా కంటే నిజానికి దగ్గరగా ఉంది. ఇప్పుడు లెక్క కట్టండి. 0.14ను 3తో భాగిస్తే వంద పారాసిటమాల్ అణువులకు సుమారు ఐదు ఎసిటిక్ ఆమ్లం అణువులు. దాని అణుభారం 60, దీనిది 151, కాబట్టి తూకంలో రెండు శాతానికి కొంచెం తక్కువ. వేడి నీటిలో మళ్లీ స్ఫటికీకరణ చేసి, చల్లని నీటితో కడిగి, బాగా ఆరబెట్టండి.

ఈ ట్యూబును పారబోయవద్దు. అందులోనే రెండు చుక్కల భారజలం (హైడ్రోజన్ల స్థానంలో డ్యూటీరియం ఉన్న నీరు) వేసి, బాగా కదిపి, పది నిమిషాలు ఆగి మళ్లీ తీయమనండి. మీ గైడ్ అడిగిన ప్రశ్నకు కాగితం మీదే జవాబు దొరుకుతుంది.

రసాయన_విద్యార్థిని
భారజలం వేసి తీయించాను. 9.14 దగ్గర ఏమీ మిగలలేదు. 9.65 దగ్గర చాలా చిన్న పీకు మిగిలింది, అరగంట ఆగి తీస్తే అదీ పోయింది. వలయపు డబ్లెట్లు, మిథైల్ ఉన్నచోటే ఉన్నాయి. 3.33 దగ్గరి నీటి పీకు మాత్రం బాగా పెరిగి కొంచెం పక్కకు జరిగింది. మూడు స్పెక్ట్రాలనూ ఒకే కాగితం మీద ఒకదాని కింద ఒకటి ముద్రించుకున్నాను.

ద్రావణి_దర్శి
ముందుగా పోయింది ఫినాల్, ఆలస్యంగా పోయింది ఎమైడ్. ఆ రెండింటి పక్కన పెన్సిల్‌తో పేర్లు రాసి పెట్టుకోండి.